కొలగాడి కొలువుకు ముగ్గురు

మార్గశిర శుద్ధ దశమి, లక్ష్మివారం. మకాం పూండి. హాజరైనవారు: పెద్దమావయ్య, అత్తయ్య (తలుపు చాటున ఉన్నది గాని అందరికంటె ఆమె హాజరే గట్టిది), నేను, కొలగాడి పనికి వచ్చిన మనుషులు ముగ్గురు, ఇంటి పిల్లులు.

ఆ నాటి దినచర్య పుటకు పైన నేను రాసుకున్నది ఇంతే. ఇప్పుడు ఉద్యోగానికి వెళ్ళే కుర్రవాడి చంకలో కాగితాల కట్ట ఉంటోంది. మా కాలంలో నోరే కాగితం. దాని మీద ఎవరికి తోచింది వారు రాసుకుని వచ్చేవారు. అలాగని పని ఇచ్చేవాళ్ళు వట్టి అమాయకులని అనుకోకండి. అబద్ధం పట్టడానికి ఒక్కొక్కరికి ఒక్కొక్క పద్ధతి ఉండేది. టెక్కలిలో ఒక నూనె వ్యాపారి వచ్చినవాడికి అన్నం పెట్టించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. మొదటి ముద్దకే ఊరగాయ కలుపుకున్నవాడు నిలకడ లేనివాడనీ, మజ్జిగ దాకా ఆగినవాడు నమ్మదగినవాడనీ ఆయన లెక్క. పలాసలో ఒక కంట్రాక్టరు వచ్చినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, ఏమీ మాట్లాడకుండా అలా చూస్తూ ఉండేవాడు. లోపల అబద్ధం ఉంటే అదే బయటికి వస్తుందని ఆయన నమ్మకం. (ఒకసారి వచ్చినవాడు కూడా నోరు విప్పలేదట. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఇద్దరూ అలాగే చూసుకుని, చివరికి కంట్రాక్టరు గారే ఆగలేక తన ఇంటి సంగతులన్నీ చెప్పుకున్నారట.)

మా పెద్దమావయ్యకు పూండి స్టేషనుకు దగ్గరలో ధాన్యం కొట్టు ఉండేది. ఉద్దానంలో పండిన కొబ్బరికాయ, చుట్టుపక్కల పండిన ధాన్యం అక్కడికి బళ్ళ మీద వచ్చి, అక్కణ్ణుంచి రైలెక్కి పోయేవి. టెక్కలిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదివి, ఆపైన చదువు సాగక, నేను ఆ కొట్లో లెక్కలు రాయడానికి చేరాను. మీసం ఇంకా వస్తానని మాట మాత్రమే ఇచ్చిన వయసు. ఆ ఏడు కొత్త పంట కొట్టుకు వచ్చే ముందు, ధాన్యం కొలిచే మా పాత కొలగాడు కళ్ళు కనబడక మానుకున్నాడు. కొలగాడంటే కుంచంతో ధాన్యం కొలిచి, పైకి లెక్క పాడేవాడు. మొదటి కుంచానికి 'ఒకటి' అనకూడదు, 'లాభం' అనాలి. 'లాభం, రెండు, మూడు' అని రాగం తీస్తూ పోతాడు. ఆ రాగం మీద రైతుకూ, షావుకారుకూ నమ్మకం ఉండాలి. అందుచేత కొలగాడంటే మాకు వట్టి కూలివాడు కాడు.

ఈ విషయంలో మావయ్యకు రెండు సూత్రాలు ఉండేవి. ఒకటి, అబద్ధాలకోరు చేతిలో కుంచం కూడా అబద్ధం ఆడుతుంది. రెండోది, సముద్రపు ఒడ్డువాణ్ణి కొలువులో పెట్టుకోకూడదు. రెండో సూత్రానికి ఒక కథ ఉంది. వెనక ఎప్పుడో తీరం నుంచి వచ్చిన ఒకణ్ణి పెట్టుకుంటే, వాడు ఒకనాడు సగం రాశి కొలుస్తూ ముక్కు ఎగబీల్చి, "గాలి తిరిగింది బావూ, సేపలొచ్చినాయి" అని కుంచం రాశిలోనే వదిలేసి పోయాడు. మళ్ళీ కనబడలేదు. ఆ నాటినుంచి "సముద్రపోణ్ణి సముద్రం పిలుస్తుందిరా, మనం పిలిస్తే ఆగడు" అని మావయ్య వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పి చెప్పి, ఆ మాట ఉద్దానమంతా పాకింది. (ఆ పాకడం వల్ల ఏమి జరిగిందో తరవాత తెలుస్తుంది.)

కొలగాణ్ణి లక్ష్మివారం నాడే పెట్టుకోవాలని అత్తయ్య పట్టు. మార్గశిర లక్ష్మివారం గడపలోకి వచ్చిన మనిషి వెంట లక్ష్మి కూడా వస్తుందని ఆవిడ అనేది. అదే లక్ష్మివారం ఇంట్లోంచి ఒక్క గింజ గడప దాటి బయటికి పోకూడదని కూడా అనేది. ఆ రోజు పొరుగింటావిడ చారెడు ఉప్పు అడిగినా "రేపు రామ్మా" అని పంపేసేది. అందుచేత పరీక్ష కోసం కొత్త ధాన్యం కొంత కొట్టు చావడిలోనే, గడపకు లోపల రాశి పోయించాం. మావయ్య పడక కుర్చీలో, నేను ఆయన పక్కన పీట మీద. అబద్ధాన్ని ప్రశ్నలతో పట్టవచ్చునని నా సిద్ధాంతం. ఆ ఉదయం పళ్ళు తోముకుంటూ ఒక గొప్ప ప్రశ్న తయారు చేసి ఉంచాను కూడా.

మొదట వచ్చినవాడికి మేము పెట్టుకున్న పేరు బరంపురం బావ. వాడు ప్రపంచాన్నంతటినీ బావా అనే పిలిచేవాడు, మావయ్యతో సహా. "పదేళ్ళు బరంపురంలో కొలిసీసినాను బావా! నా సెయ్యి పడితే సాలు, కుంచమే లెక్క సెప్తాది" అన్నాడు. నేను గొంతు సవరించుకుని నా ప్రశ్న వదిలాను.

"నీకు జంట లాభం తెలుసా?"

అలాంటిది లోకంలో లేదు. అవును అన్నవాడు దొరికిపోయినట్టే. వాడు ఏమాత్రం తడుముకోలేదు.

"జంట లాభమా! బరంపురంలో జంట లాభం తప్ప ఇంకోటి కొలవనిత్తారేటి బావా? కుడిసేత్తో ఒక లాభం, ఎడంసేత్తో ఒక లాభం. మొదట్లో బుజాలు లాగేత్తాయి. అలవాటైపోనాక మరి హాయిగుంటాది."

నేను విజయగర్వంతో మావయ్య వైపు తిరిగాను. ఆయన కళ్ళు అరమూసి తల పంకిస్తున్నారు. "నిజమేరా. మా నాన్నగారి హయాంలో జంట లాభం ఉండేది. ఇప్పుడు అలా కొలిచేవాళ్ళేరీ?" అన్నారు నాతో. పళ్ళు తోముకుంటూ పుట్టించిన మాటకు అప్పుడే ఇద్దరు పెద్దమనుషులు సాక్ష్యం పలికాక, కన్నతండ్రి అయినా ఏం చేయగలడు?

అయితే కుంచం చేతికి ఇచ్చేసరికి బరంపురం బావ ఆగి, చాలా మర్యాదగా అడిగాడు.

"కొనే కొలతా బావా, అమ్మే కొలతా?"

"రెండిటికీ తేడా ఏటిరా?" అన్నారు మావయ్య.

"అదేటి బావా, తెల్దన్నట్టు అడుగుతావు! కొనేటప్పుడు కుంచాన్ని కుదిపి కుదిపి కుక్కాల. అమ్మేటప్పుడు దూదిలాగ పోసీసి, బొటనేలు లోపలెట్టీసి, గబుక్కున తిప్పీయాల. నువ్వూరుకో, నాను సూసుకుంటాను గదా!"

పదేళ్ళ అనుభవం అబద్ధం కాదని అప్పుడు తేలింది. మావయ్య కుర్చీలోంచి లేచి వాడి చేతిలోని కుంచం మెల్లగా తీసుకున్నారు. "నీ అనుభవం చాలా పెద్దది నాయనా. మా కుంచానికి అంత పట్టదు. వెళ్ళిరా" అన్నారు. వాడు ఏమీ అనుకోలేదు. "ఎల్తాను బావా, జంట లాభానికి మనిషి కావాలంటే కబురెట్టు" అని వెళ్ళిపోయాడు.

రెండోవాడి పేరు అడిగితే "చిత్తం" అన్నాడు. ఏ ఊరంటే చిత్తం. ఇదివరకు కొలిచావా అంటే చిత్తం. మావయ్యకు విసుగు పుట్టి, "పోనీ దొంగతనాలు ఏవైనా చేశావా?" అన్నారు. "చిత్తం" అన్నాడు వినయంగా. సరే, మంచివాడే, బెదిరి ఉన్నాడని కొలవమన్నాం. నాలుగో కుంచమో అయిదోదో వచ్చేసరికి లెక్క తప్పి నిలబడిపోయాడు. "నాలుగేనా?" అన్నాను నేను. చిత్తం. "అయిదా మరి?" చిత్తం. అత్తయ్య తలుపు చాటునుంచి, "ఆ బాబుకి మజ్జిగిచ్చి పంపీండి, పొద్దు గుంకిపోద్ది" అన్నది.

మూడోవాడు గడప అవతల నుంచుని ఉండగానే ఒక విశేషం జరిగింది. ఎలకల కోసం అత్తయ్య పెంచిన పిల్లులు, పిలిచినా పలకనివి, ఎక్కడెక్కడినుంచో వచ్చి వాడి కాళ్ళ చుట్టూ చేరి, చంకలోని చిన్న మూట వైపు మొహాలెత్తి పాట మొదలు పెట్టాయి. వాడు కాలితో మెల్లగా తోస్తున్నాడు, అవి మళ్ళీ వస్తున్నాయి. నేను దీన్ని జాగ్రత్తగా గమనించి, 'మూగజీవాలకు ఇష్టుడు; కనుక సత్స్వభావం' అని రాసుకున్నాను.

"మాది రావివలసండి. యవసాయదార్లమండి" అన్నాడు వాడు, చూపు నేల మీద ఉంచి.

మావయ్య నా వైపు కన్ను గీటారు. అబద్ధం పట్టడానికి ఆయన దగ్గరా ఒక గాలం ఉంది. "రావివలసా! మల్లికార్జునస్వామి గుడి గోపురానికి మొన్న సున్నం వేయిస్తామన్నారు, వేశారా?"

"సామికి గోపురమేటండి?" అన్నాడు వాడు తెల్లబోయి. "ఎండల మల్లన్న గదండి. కప్పూ గోపురం నేకుండ ఎండలోనే ఉంటాడు గదండి."

"చూశావా! రావివలసవాడే" అని మావయ్య తొడ చరిచారు. (ఆ స్వామి ఎండలో ఉంటాడని జిల్లాలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసునన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.) ఇక నా వంతు వచ్చింది. జంట లాభం తెలుసా అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "తెల్దు బావూ. కోతలకెల్లినప్పుడు కళ్ళాల కాడ కొలత సూసి నేర్సుకున్నాను, అది మాత్రం ఎక్కడా ఇన్నేదు. సెప్తే నేర్సుకుంటాను" అన్నాడు. ఎందుకో ఆ మాట నాకు చాలా నచ్చింది. మావయ్యకు మాత్రం "జంట లాభం తెలీదట పాపం" అని కొంచెం లోటుగానే ఉంది.

కొలవమన్నారు. వాడు మూట పక్కన పెట్టి, తలపాగా బిగించి, రాశికి దండం పెట్టుకున్నాడు. తరవాత, మేము కళ్ళార్పేలోగా, రాశిలోంచి పిడికెడు ధాన్యం తీసి కళ్ళకద్దుకుని, తూర్పు వాకిలి వైపు తిరిగి, "గంగమ్మతల్లీ, నీ వోటా" అని గడప అవతలికి విసిరేశాడు!

"ఓలమ్మో! లచ్చివారం పూట గింజలు గడప దాటించీసినాడమ్మో!" అని అత్తయ్య తలుపు చాటునుంచి ఒక్క ఊపున బయటికి వచ్చేసింది. ఆవిడ వాకిట్లో కూర్చుని ఒక్కొక్క గింజా ఏరుతోంది. ఇదే సందని పిల్లులు మూట విప్పేశాయి. అందులోంచి ఎండుచేపలు చావడంతా పరుచుకున్నాయి. మావయ్య ఎండుచేపలను చూశారు, తూర్పు వాకిలి చూశారు, వాణ్ణి చూశారు. వల లాగగానే మొదటి పిడికెడు చేప తిరిగి సముద్రంలోకి విసరడం తీరంలో వాడుక. రావివలస రైతు గంగమ్మ వాటా తూర్పుకు విసరడు.

"ఏ ఊరురా నీది?"

వాడు చేపలు ఏరుకోలేదు, పారిపోనూ లేదు. నిలబడిన చోటే నిలబడి తన పల్లె పేరు చెప్పాడు. (అది ఉద్దానం తీరంలోదే. వాళ్ళ మనవలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు గనుక పేరు రాయను.)

"మరి అబద్ధం ఎందుకు చెప్పావు?"

"నిజం సెప్తే మీరు గడపెక్కనివ్వరు గద బావూ. సముద్రపోణ్ణి పెట్టుకోరని ఊరూరా సెప్పుకుంటన్నారు." వాడు తలపాగా విప్పి చేతిలోకి తీసుకున్నాడు. "నాను సముద్రానికి పనికిరాను బావూ. తెప్పెక్కితే సాలు, డోకొచ్చెత్తాది. మా తాత, మా అయ్య, అందరూ సముద్రం మీద బతికినోళ్ళే. నన్ను మాత్రం ఊళ్ళో డోకులోడంతారు. మా మేనమావ తన కూతురు గుంటనిత్తానన్నాడు. తిండెట్టే పనేదో ఒకటి సూపించు, నేకపోతే ఈ మాగమాసంలో ఇంకోడికిచ్చెత్తానన్నాడు. ఇంకెక్కడికెల్లను?"

పిల్లులు చేపలు కొరుకుతూనే ఉన్నాయి. మావయ్య మొహం చూస్తే జాలీ, సూత్రమూ కుస్తీ పడుతున్నట్టు తెలుస్తోంది. చివరికి సూత్రమే పైకి వచ్చింది. "ఎంతైనా సముద్రపోడివి. రేపు గాలి తిరిగితే నువ్వూ పోతావు. వెళ్ళిరా" అన్నారు.

గుప్పిట్లో గింజలతో అత్తయ్య గడప దగ్గర ఆగింది. "బాగుందండీ! సముద్రానికి పారిపోతాడని గదా మీ బయం? తెప్పెక్కితే కక్కీసినోడు సముద్రానికెలా పారిపోతాడూ? ఊళ్ళో మిగతావోళ్ళైనా ఎప్పుడో ఒకప్పుడు పారిపోతారు గాని, ఈ బాబు పోలేడు."

అంత తర్కం మా స్కూలులో ఎవరూ చెప్పలేదు. మావయ్య కూడా గతుక్కుమన్నారు. కానీ వ్యాపారి గనుక వెంటనే లొంగలేదు. "ఊరి పేరు అబద్ధం చెప్పినవాడు డోకు సంగతి అబద్ధం చెప్పడని ఏం నమ్మకం? రేపు తెల్లవారగానే బండి కట్టించు. తెప్ప ఎక్కించి చూద్దాం. నిజమైతే పని వాడిదే" అన్నారు. తెప్ప మీద ఎవరు ఉండి చూడాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరూ నా వైపు చూశారు. "మా మేనల్లుడికి పరీక్షలంటే ఇష్టం" అన్నారు మావయ్య.

మర్నాడు శుక్రవారం ఉదయం మేము తీరం చేరేసరికి సూర్యుడు నీళ్ళమీద ఇంకా పూర్తిగా లేవలేదు. సముద్రం పళ్ళెంలో పోసిన నూనెలా ఉంది. అలాంటి నీటి మీద ఎవడికి డోకు వస్తుందని నాకే అనుమానం వేసింది. తెప్ప వాడి మేనమావదే. ఆయన మేనల్లుణ్ణి చూడగానే నెత్తి కొట్టుకున్నాడు. "మళ్ళీ ఈడా! ఈడు ఎక్కిన పెతిసారీ నా తెప్ప కడుక్కోనేక సచ్చిపోతన్నాను బావూ! సాచ్చికం కావాలంటే ఊరంతా సెప్తాది, ఒగ్గీండి!" అన్నాడు. మావయ్య ఒప్పుకోలేదు. బంధువుల సాక్ష్యం చెల్లదన్నారు. గొడుగు వేసుకుని ఆయన ఒడ్డున నిలబడ్డారు. మేము ముగ్గురం తెప్ప ఎక్కాం.

ఒడ్డు అలలు దాటగానే నేను నా పరిశీలన మొదలు పెట్టాను. "ఎలా ఉంది?" అన్నాను.

"ఇంకా రానేదు బావూ. కూసింత లోపలికెల్లనీండి, వొచ్చెత్తాది" అన్నాడు వాడు, నన్ను నిరాశ పరచడం ఇష్టం లేనట్టు. తెప్ప మెల్లగా లేచింది. మెల్లగా దిగింది. మళ్ళీ లేచింది. ఒడ్డు ఒక పక్కకు వాలింది, ఇంకో పక్కకు వాలింది. ముందు ఎవరు కక్కడం మొదలు పెట్టారన్న విషయంలో సాక్ష్యాలు తేడాగా ఉన్నాయి. తెప్పకు ఆ చివర వాడు, ఈ చివర నేను, మధ్యలో తెడ్డు పట్టుకుని మేనమావ అటూ ఇటూ చూస్తూ, "ఓరి నాయనో, ఒక్కడంటే ఇద్దరయినారేట్రా!" అనడం మాత్రం నాకు జ్ఞాపకం ఉంది. మధ్యలో ఒకసారి వాడే తన బాధ ఆపుకుని, నేను నీళ్ళలో పడకుండా నా పంచె కొంగు పట్టుకున్నాడు.

తెప్ప ఇసకను తాకుతుండగానే మేనమావ మావయ్యకు వినబడేలా అరిచాడు. "ఇద్దరూ నిజమే సెప్పినారు బావూ! మీ అల్లుడుగారు ఇంకా గట్టిగా సెప్పినారు!"

నేను ఇసకలో వెల్లకిలా పడ్డాను. వాడు నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఊపిరి తీసుకుంటున్నాడు. కొబ్బరి చెట్ల కిందనుంచి ఒక పిల్ల ముంతతో గంజినీళ్ళు తెచ్చింది. వాడి మేనమావ కూతురని చెప్పక్కరలేకుండానే తెలిసింది. వాడికంటె ముందు నాకు ఇచ్చింది, కాని కళ్ళు వాడి మీదే ఉన్నాయి. నవ్వుదామా ఏడుద్దామా అని తేల్చుకోలేని మొహం. తండ్రి వినేలా, ఊరు వినేలా, నన్ను సూటిగా అడిగింది.

"సెప్పీండి బావూ. ఆడికి పనిచ్చీసినట్టేనా?"

చెప్పవలసినవారు మావయ్య. ఆయన గొడుగు మడుచుకుంటూ ఇంకా ఇసకలో నడిచి వస్తున్నారు. 'మావయ్యగారు ఆలోచించి చెబుతారు' అని అనాలని నాకు తెలుసు. కానీ ఆ నిమిషంలో నేను నోరు తెరిస్తే మాట తప్ప అన్నీ బయటికి వచ్చేలా ఉన్నాయి. అందుచేత పెదవులు బిగించి, తల ఊపాను. ఆ పిల్ల ఒక్క కేక పెట్టింది. మేనమావ తలగుడ్డ విప్పి గాల్లోకి విసిరాడు. చుట్టూ చేరిన పల్లె అంతా "డోకులోడికి కొలువొచ్చీసింది!" అని గోల. వాడు మాత్రం కదలకుండా రెండు చేతులతోనూ మొహం కప్పుకున్నాడు.

మావయ్య వచ్చి నా మీదికి వంగారు. "నేను చెప్పందే తల ఎందుకు ఊపావురా?" అన్నారు. దానికీ తలే ఊపాను. ఆయన నన్ను చూశారు, ఆ పిల్లను చూశారు, సముద్రాన్ని చూశారు. తరవాత వాడితో, "బండి ఎక్కు. కొత్త ధాన్యం వస్తోంది, కొలిచే మనిషి లేడు" అన్నారు.

ఆ తరవాత చాలా ఏళ్ళు నేనూ కుర్చీల్లో కూర్చుని మనుషులను పనికి పెట్టాను. ఎన్నో ప్రశ్నలు వేశాను, ఎందరినో అబద్ధాల్లో పట్టాను కూడా. ఇసకలో పడి ఉండి, నోరు తెరవడానికి వీలు లేక ఇచ్చిన ఆ మొదటి కొలువంత మంచి కొలువు మాత్రం మళ్ళీ ఇవ్వలేకపోయాను. ఇప్పటికీ పని కోసం ఎవరైనా కుర్రవాడు మా వాకిట్లో నిలబడితే, మా వాళ్ళు "తాతా, నువ్వయితే బాగా అడుగుతావు" అని నన్ను పిలుస్తారు. నేను కళ్ళజోడు తుడుచుకుని అడగవలసినవన్నీ క్రమంగానే అడుగుతాను. ఈ మధ్య మాత్రం ప్రశ్నలు సగంలో ఉండగానే తల దానంతట అదే ఊగిపోతోంది. వయసు మీద పడిందని వాళ్ళు అనుకుంటున్నారు. అనుకోనీ.